ముందు చక్రం మీద నూనె

మాచర్ల బజారులో కిరాణా కొట్టున్న శేషగిరిరావు, కూతురు అపర్ణ పెళ్లయిన ఏడాదిలో అల్లుడితో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పూట కబుర్లకు సరిపోవు. ఆయనకు రాజ్‌కుమార్ మీద కోపమేమీ లేదు. గుంటూరులో ఒకే ఆడిటరు ఆఫీసులో పనిచేస్తూ అపర్ణా అతనూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇంట్లో చెప్పారు. కుర్రవాడి తండ్రికి నరసరావుపేటలో బట్టల కొట్టుంది, మంచి కుటుంబం, వంక పెట్టడానికేమీ కనపడలేదు. శేషగిరిరావు సరేనన్నాడు, పెళ్లి ఘనంగానే చేశాడు. కాని ఒక్కగానొక్క కూతురికి సంబంధం తనే వెతకాలనీ, నాలుగూళ్లు తిరిగి, విచారించి, ఇదీ అని తేల్చి తేవాలనీ ఆయన చాలా ఏళ్లుగా అనుకుంటూ వచ్చాడు. ఆ పని ఆయనకు మిగల్లేదు. తను ఎంచని అల్లుడితో ఏం మాట్లాడాలో ఆయనకు తోచేది కాదు. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని ఒక మాట, "ఎండ ఎక్కువగా ఉంది" అని ఒక మాట, అంతే. తర్వాత కొట్టుకు వెళ్లిపోయేవాడు.

రాజ్‌కుమార్ పరిస్థితీ సుఖంగా లేదు. అత్తవారింటికి వస్తే అత్తగారు లీలావతి అతన్ని హాల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి, చేతికి టీవీ రిమోటు ఇచ్చి, గంటకొకసారి ఏదో ఒకటి తినిపించేది. మంచినీళ్లు ముంచుకోవడానికి లేచినా ఊరుకునేది కాదు. అతను స్థిమితంగా కూర్చునే రకం కాదు. గుంటూరులో ఇంట్లో మిక్సీ ఆగినా, కుళాయి కారినా విప్పి చూస్తేగాని నిద్రపట్టదు. మాచర్ల ప్రయాణమంటే అపర్ణకు సంబరంగా ఉండేది, అతనికి మాత్రం ఎవరో చేతులు కట్టేసి కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉండేది.

కార్తీక మాసంలో, రెండో శనివారం కలిసి వస్తుందని ఇద్దరూ శుక్రవారం రాత్రికి మాచర్ల చేరారు. ఎత్తిపోతల జలపాతంలో నీళ్లు బాగా పడుతున్నాయని విని, పొద్దున్నే వెళ్లొస్తామని అపర్ణ నాన్నను బండి అడిగింది. అది ఆయన పాత మోటారుసైకిలు. దుర్గి, వెల్దుర్తి వైపు పల్లెల్లో చిన్న కొట్లవాళ్ల దగ్గర సరుకు ఆర్డర్లు తెచ్చుకోవడానికి ఆయన దాని మీదే తిరుగుతాడు. వేరేవాళ్ల చేతికి ఇవ్వడు. ఆ రోజు మాత్రం తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టాక ఏదో చెప్పబోయినట్టు ఒక క్షణం నిలబడి, కొట్టుకు నడిచాడు.

సాగర్ రోడ్డు దాటి జలపాతం వైపు మలుపు తిరిగాక దారి కాస్త పల్లం. అక్కడ మేకల మంద ఒకటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. రాజ్‌కుమార్ ముందు బ్రేకు పట్టాడు. చేతికింద లీవరు నొక్కుకుందిగాని చక్రం ఆగలేదు. వెనక బ్రేకు గట్టిగా తొక్కేసరికి బండి పక్కకు జారింది. మేకలను తప్పించి, రోడ్డు పక్క మట్టిలోకి దింపి, తుమ్మ కంప అంచున ఎలాగో ఆపగలిగాడు. అపర్ణ మోచేయి కంపకు తగిలి గీరుకుపోయింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. మేకల కాపరి ఒకసారి వీళ్లవైపు చూసి, మందను తోలుకుంటూ తన దారిన పోయాడు.

రాజ్‌కుమార్ బండి దిగి ముందు చక్రం దగ్గర కూర్చుని చూశాడు. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే గొట్టాలనే ఫోర్కులంటారు. వాటిలో స్ప్రింగు, నూనె ఉంటాయి. గతుకుల్లో దెబ్బ చేతులకు తగలకుండా కాచేవి అవే. ఆ నూనె పైకి తన్నకుండా గొట్టం మెడ దగ్గర ఒక రబ్బరు సీలు ఉంటుంది. బ్రేకు డిస్కు ఉన్న పక్క ఫోర్కుకు ఆ సీలు పోయింది. నూనె సన్నగా కారి, గొట్టమంతా తడిసి, డిస్కు మీదికీ బ్రేకు ప్యాడ్లలోకీ దిగింది. ఇక బ్రేకు ఎలా పడుతుంది? జలపాతం సంగతి పక్కనపెట్టి, వెనక బ్రేకుతోనే నెమ్మదిగా ఇల్లు చేరారు.

లీలావతి కూతురి మోచేతికి పసుపు అద్దుతూ బండిని తిట్టింది, బండిని అమ్మనందుకు మొగుణ్ణి తిట్టింది. కబురు విని కొట్టు నుంచి వచ్చిన శేషగిరిరావు ముందు అపర్ణ చెయ్యి చూశాడు. తర్వాత వాకిట్లో బండి దగ్గర గొంతుక్కూర్చుని, ఫోర్కు మీద వేలు రాసి, ఆ నూనె వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నాకు తెలుసు" అన్నాడు, తలెత్తకుండా. "వానాకాలం నుంచి కారతానే ఉంది. పొద్దున్నే గుడ్డతో తుడిచి బయల్దేరేవాణ్ణి. మీకు తాళం ఇచ్చేటప్పుడన్నా చెప్పాల్సింది. అల్లుడికి పాడు బండి ఇచ్చానంటారని నోరు రాలేదు."

పెళ్లయ్యాక ఆయన అతనితో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. బయల్దేరే ముందు తనూ చూసుకోవలసిందని రాజ్‌కుమార్ అన్నాడు. నిజంగానే అతనికి అలా అనిపించింది.

ఊళ్లో ఆయన నమ్మే మెకానిక్కు అంకారావు ఒక్కడే. అతనేమో మాల వేసుకుని శబరిమల వెళ్లాడు. అతను వచ్చేదాకా బండి ముట్టుకోవద్దంది లీలావతి. అప్పుడు రాజ్‌కుమార్ తను చేస్తానన్నాడు. డిగ్రీ చదివే రోజుల్లో నరసరావుపేటలో జీవన్ అనే స్నేహితుడి రిపేరు షెడ్డులోనే అతని సెలవులన్నీ గడిచాయి. ఫోర్కు సీళ్లు మార్చడంలో రెండు మూడుసార్లు చెయ్యి వేశాడు. ఒంటరిగా ఎప్పుడూ చేయలేదని కూడా చెప్పాడు.

లీలావతి ఒప్పుకోలేదు. కొత్తల్లుడు వాకిట్లో కూర్చుని నూనె పులుముకుంటే వీధిలో వాళ్లేమనుకుంటారని ఆమె బాధ. శేషగిరిరావు లోపలికి వెళ్లాడు. మంచం కింద నుంచి రేకు పెట్టె ఈడ్చుకొచ్చి, అల్లుడి ముందు పెట్టి మూత తీశాడు. లోపల స్పానర్లు, సుత్తి, స్క్రూడ్రైవర్లు వరసగా ఉన్నాయి. చాలా వాటికి వాడిన జాడే లేదు.

"కొనడమేగాని విప్పే ధైర్యం చెయ్యలా" అన్నాడు.

ఆ సాయంత్రమే స్పేర్‌పార్ట్సు షాపుకు వెళ్లి రెండు వైపులకూ సీళ్లు, నూనె, కొత్త బ్రేకు ప్యాడ్లు తెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున కొట్టును గుమాస్తా పుల్లయ్యకు వదిలేసి, శేషగిరిరావు పాత లుంగీ కట్టుకుని వచ్చాడు. అల్లుడికీ ఒక లుంగీ ఇచ్చాడు. వాకిట్లో నాపరాళ్ల మీద గోతాలు పరిచారు. బండిని సెంటరు స్టాండు వేసి, ఇంజను కింద విరిగిన నాపరాతి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు చక్రాన్ని గాల్లోకి లేపారు. చక్రం, మడ్‌గార్డు ఊడదీశారు. బ్రేకు భాగం వేలాడి దాని రబ్బరు పైపు తెగకుండా పురికొసతో హ్యాండిలుకు కట్టాడు రాజ్‌కుమార్. ఆ ముడి చూసి మామగారు విప్పేసి, పంచదార బస్తాలకు వేసే ముడి తన చేత్తో వేశాడు. అది కదల్లేదు.

ఎదురింటి చాంద్ బీ వాకిలి ఊడుస్తూ ఇదంతా చూసింది. లీలావతి సిగ్గుపడుతూ, వద్దన్నా వినడం లేదని తనే ముందుగా చెప్పుకుంది. చాంద్ బీ చీపురు ఆపి, "మా అల్లుడు వస్తే మంచం దిగడు వదినా. మీవాడే నయం" అంది. లీలావతి ఆ మాటకు కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది.

హ్యాండిలు కింది బోల్టులు వదులు చేస్తే మొదటి ఫోర్కు కిందికి జారింది. పైమూత తిప్పి, స్ప్రింగు లాగి, లోపలి నూనె బేసిన్లోకి వంచితే నల్లగా, చేపల వాసనతో వచ్చింది. ఇక అడుగున ఒక బోల్టు విప్పితే లోపలి గొట్టం, బయటి గొట్టం విడివడాలి. అక్కడ పని ఆగిపోయింది. రాజ్‌కుమార్ అలెన్ కీ వేసి తిప్పుతుంటే బోల్టుతోపాటు లోపలున్న రాడ్డు కూడా తిరుగుతోందిగాని బోల్టు ఊడి రావడం లేదు. ఇద్దరూ మార్చి మార్చి తిప్పారు. చెమటలు కారాయి. మధ్యాహ్నం దాటింది.

రాజ్‌కుమార్ జీవన్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. షెడ్డుల్లో దానికి వేరే పనిముట్టు ఉంటుందనీ, అది లేకపోతే పొడుగాటి కర్రకు కొన సన్నగా చెక్కి, పైనుంచి గొట్టంలోకి దించి, రాడ్డు తలలో బిగిసేలా కొట్టి, ఒకరు దాన్ని కదలకుండా పట్టుకుంటే రెండోవాళ్లు బోల్టు తిప్పొచ్చనీ జీవన్ చెప్పాడు. అలాంటి కర్ర కోసం శేషగిరిరావు ఇల్లంతా వెతికాడు. చీపురు కర్ర పొట్టిది. బూజుకర్ర వెదురుది, చెక్కితే చీలుతుంది.

గుమ్మంలో నిలబడి వింటున్న లీలావతి పెరట్లోకి వెళ్లి, ఎత్తు తీగ మీద చీరలు ఆరేసే కర్ర తెచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు కర్ర అది. దాన్ని ఎవరు ముట్టుకున్నా ఊరుకోదు.

"కొన మాత్రమే చెక్కండి. మిగతాది నాకు కావాల" అంది.

శేషగిరిరావు కత్తిపీట మీద కొన చెక్కాడు. గొట్టంలోకి దించి సుత్తితో రెండు దెబ్బలు వేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. రాజ్‌కుమార్ కింద కూర్చుని కీ తిప్పాడు. కర్ర మెలితిరిగింది. ఆయన చేతులు జారుతున్నాయి. అపర్ణ వచ్చి నాన్న చేతుల కింద తన చేతులు వేసింది.

"తిప్పు రాజా, తిప్పు. వదలమాకు" అన్నాడు శేషగిరిరావు. "నేను పట్టుకునున్నా, తిప్పు."

బోల్టు టక్కుమని వదిలింది. ఆ ఊపుకు రాజ్‌కుమార్ వెనక్కి కూలబడి నూనె బేసిన్ను తన్నాడు. నల్లటి నూనె నాపరాళ్ల మీద పారింది. ఇద్దరూ దాన్ని చూసి, లీలావతి వైపు చూశారు. ఆమె లోపలికి వెళ్లింది. రంపప్పొట్టు తెచ్చి చల్లింది. మామగారు తనను మీరు అనలేదని రాజ్‌కుమార్‌కు అప్పుడు తట్టింది. ఆయనకు మాత్రం తట్టినట్టు లేదు.

పాత సీలు పీకి చూస్తే రబ్బరు గట్టిపడి, అంచు చిట్లి ఉంది. కొత్త సీలుకు నూనె రాసి కూర్చోబెట్టి, దాని మీద పాత సీలు బోర్లించి, ప్లాస్టిక్ పైపు ముక్కతో చుట్టూ సమానంగా తట్టుతూ లోపలికి దించారు. రెండో ఫోర్కుకూ అలాగే సీలు మార్చారు. నూనె పోసే పని శేషగిరిరావు తీసుకున్నాడు. కొట్లో దీపం నూనె కొలిచే గాజు కొలత తెప్పించి, కంటి ఎత్తుకు పెట్టి చూసి, రెండు ఫోర్కుల్లోకీ చుక్క తేడా లేకుండా పోశాడు. ఆ కాసేపు ఆయన్ని ఎవరూ కదిలించలేదు.

చీకటి పడేవేళకు అంతా బిగించారు. రాజ్‌కుమార్ బండెక్కి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలు మీద బరువు వేసి నాలుగైదుసార్లు కిందికి నొక్కాడు. ఒక ఫోర్కు పొడిగా ఉంది. పొద్దుటిదాకా కారిన ఫోర్కు మీద మాత్రం గొట్టం చుట్టూ సన్నటి నూనె గీత మళ్లీ వచ్చింది.

రాజ్‌కుమార్ గుడ్డ అందుకున్నాడు. తుడిచి మళ్లీ నొక్కాడు. మళ్లీ గీత. తను ఎక్కడో తప్పు చేశానన్నాడు. అంకారావు వచ్చాక అతనికే ఇస్తే మంచిదని, ఇంతసేపూ అందరి పనీ పాడుచేశానని చిన్నగా అన్నాడు. పొద్దున ఐదింటి బస్సుకు వాళ్లు గుంటూరు వెళ్లిపోవాలి. సోమవారం ఆఫీసు.

శేషగిరిరావు గుడ్డ తీసుకుని ఆ గీతను తనే తుడిచాడు. గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"రేపు ఉండిపో" అన్నాడు. "ఒక్కరోజు సెలవు పెట్టుకోకూడదా? విప్పింది మనం, మనమే చేద్దాం. ఎక్కడ కారతందో వెలుతుర్లో చూస్తే తెలుస్తది."

అపర్ణ లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో అమ్మ భుజం మీద తల ఆనించి, ఇద్దరికీ సెలవు కావాలని ఆఫీసుకు మెసేజి పెట్టింది.

పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఫోర్కు మళ్లీ విప్పి గోతం మీద పడుకోబెట్టారు. ఈసారి కర్ర పట్టుకోవడం, బోల్టు తిప్పడం ఇద్దరికీ అలవాటైపోయింది. సీలు బాగానే కూర్చుని ఉంది. రాజ్‌కుమార్ దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. శేషగిరిరావు లోపలి గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని, శుభ్రంగా తుడిచి, ఊరికే బొటనవేలి గోటితో పైనుంచి కిందికి గీస్తూ పోయాడు. కొట్లో కందిపప్పు పిడికిట్లోకి తీసుకుని రాయి ఉందో లేదో చూసే మనిషి. ఒకచోట ఆయన గోరు ఆగింది.

"ఇక్కడేదో తగల్తా ఉంది, చూడు."

రాజ్‌కుమార్ వేలు పెట్టాడు. కంటికి ఆనని తుప్పు గుంట, దాని అంచు పదునుగా లేచి ఉంది. ఫోర్కు కిందికీ పైకీ ఆడినప్పుడల్లా ఆ అంచు కొత్త సీలు రబ్బరును గీరేస్తోంది. నిన్న తను గొట్టాన్ని తుడిచాడుగాని తడిమి చూడలేదు. ఈ సంగతి చెప్పాక జీవన్ ఫోనులో నవ్వి, గరుకు కాగితంలో, అదే ఎమరీ పేపరులో, అన్నిటికన్నా సన్నటిది తీసుకుని, నూనెలో తడిపి, ఒత్తకుండా రుద్దమన్నాడు. గుంట పోకపోయినా ఫర్వాలేదు, లేచిన అంచు పోతే చాలునట.

పొద్దుటి పని అదే. ఒకరు రుద్దడం, ఒకరు తుడిచి గోటితో చూడటం. రుద్దుతూ ఉండగా మాటలు వాటంతటవే వచ్చాయి. నరసరావుపేటలో వాళ్ల నాన్న కొట్లో చిన్నప్పుడు తను గుడ్డ కొలిచేవాణ్ణనీ, కొలత ఎప్పుడూ ఒక బెత్తెడు ఎక్కువే పోయేదనీ, తిట్లు తినేవాణ్ణనీ రాజ్‌కుమార్ చెప్పాడు. శేషగిరిరావు తన తండ్రి గురించి చెప్పాడు. ఎడ్లబండి మీద సరుకు వేసుకుని వెల్దుర్తి సంతకు పోయేవాడట. బండి ఇరుసుకు కందెన పూసే పని చిన్నప్పుడు తనదేనట. చేతులు నల్లగా చేసుకుని ఇంటికొస్తే వాళ్లమ్మ గుమ్మం బయటే నిలబెట్టి కడిగేదట. ఆ తర్వాత ఈ చేతులకు మళ్లీ కందెన అంటింది ఇప్పుడేనని, వాటిని ముందుకు చాచి చూసుకున్నాడు.

"సంబంధాలు చూడాలని ఒక సంచీ, కొత్త చెప్పులు కొనుక్కునున్నా నేను" అన్నాడు, ఉన్నట్టుండి. "తిరగాల్సి వస్తదని. నువ్వు ఆ పని లేకుండా చేశావు."

రాజ్‌కుమార్ చెయ్యి ఆగింది. ఆయన మొహం చూశాడు. ఆయన నవ్వుతున్నాడు.

"పోనీలే. తిరిగినా ఇంకెవర్ని తెచ్చేవాణ్ణో. రుద్దు, ఆగమాకు."

మధ్యాహ్నానికి గోరు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. షాపుకు వెళ్లి ఇంకో సీలు తెచ్చారు. గొట్టం అంచు దాన్ని చీల్చకుండా శేషగిరిరావు కొట్లో సరుకు కట్టిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీదుగా నెమ్మదిగా జార్చారు. నూనె మళ్లీ కొలిచి పోశారు. డిస్కును పెట్రోలు గుడ్డతో రుద్ది ఆరబెట్టి, కొత్త ప్యాడ్లు వేశారు. అన్ని బోల్టులూ బిగించాక రాజ్‌కుమార్ పక్కకు జరిగి, ఈసారి నొక్కి చూసే పని మామగారికి ఇచ్చాడు. ఆయన బండెక్కి హ్యాండిలు మీద బలమంతా వేశాడు. ముందు భాగం మెత్తగా దిగి, మెత్తగా లేచింది. అపర్ణ వంగి చూసింది. తెల్లటి జేబురుమాలు గొట్టం చుట్టూ తిప్పి, విప్పి అందరికీ చూపించింది. మరక లేదు.

ఇద్దరూ కాళ్లూ చేతులూ కడుక్కుని, లుంగీలు మార్చకుండానే వసారాలో కూర్చుని అన్నం తిన్నారు. లీలావతి గోంగూర పచ్చడి వేస్తూ, అల్లుడి గోళ్లలో నలుపు చూసి, సున్నిపిండితో రుద్దుకోమంది. హాల్లో కుర్చీ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం బండిని ఊరి బయట నడిపి చూడాలన్నాడు శేషగిరిరావు. తాళం అల్లుడికి ఇచ్చి తను వెనక ఎక్కాడు. సొంత బండి మీద వెనక కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తొడల మీద పెట్టుకుని, దుర్గి దారిలో మొదటి స్పీడు బ్రేకరు వచ్చేసరికి రాజ్‌కుమార్ భుజం పట్టుకున్నాడు. ఆ తర్వాత తీయలేదు. రోడ్డుకు రెండు వైపులా మిరప చేలు పచ్చగా ఉన్నాయి. గతుకుల్లో చక్రం ఇదివరకటిలా టంగుమనడం లేదు. ఖాళీ రోడ్డు చూసి రాజ్‌కుమార్ ముందు బ్రేకు పట్టాడు. బండి తిన్నగా, ఉన్నచోటనే ఆగింది.

దుర్గిలో రోడ్డు పక్కన ఒక శిల్పి రాతి నంది చెక్కుతుంటే ఇద్దరూ దిగి చూశారు. శేషగిరిరావుకు ఆయన తెలిసినవాడే. ఈ అబ్బాయెవరని శిల్పి అడిగాడు. అపర్ణ భర్త అనీ, ఫోర్కు మొత్తం విప్పి బిగించాడనీ చెబుతూ శేషగిరిరావు శిల్పిని ముందు చక్రం దగ్గరికి తీసుకెళ్లి సీలు మార్చిన చోటు వేలితో చూపించాడు. శిల్పికి అక్కడ చూడటానికేమీ కనపడలేదు. అయినా తలూపాడు. ముగ్గురూ టీ తాగారు. ఎక్కడున్నారని లీలావతి ఫోను చేసేదాకా వాళ్లకు ఇల్లు గుర్తు రాలేదు.

మర్నాడు తెల్లవారి బస్సుకు అపర్ణా రాజ్‌కుమార్ గుంటూరు వెళ్లిపోయారు. ఆ వారమంతా రోజూ పొద్దున శేషగిరిరావు అలవాటు కొద్దీ గుడ్డ పట్టుకుని బండి దగ్గరికి వెళ్లేవాడు. తుడవడానికి దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు.

తర్వాతి గురువారం గుంటూరులో రాజ్‌కుమార్ ఫోను మోగింది. మామగారు. ఆయన ఎప్పుడూ అపర్ణకే చేసేవాడు. ఏమైందోనని రాజ్‌కుమార్ కంగారుగా ఎత్తాడు. బండి చైను దగ్గర ఏదో చప్పుడొస్తోందని ఆయన అన్నాడు. ఎలాంటి చప్పుడు, ఎప్పుడొస్తోంది, గేరు మార్చేటప్పుడా, మామూలుగానా అని ఇతను ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఆయన ఓపిగ్గా జవాబులు చెప్పి, అక్కడి నుంచి మిరప ధరల్లోకి, అక్కడి నుంచి అంకారావు శబరిమల నుంచి తెచ్చిన ప్రసాదంలోకి వెళ్లాడు. అపర్ణ కూర తాలింపు వేసి, అన్నం వార్చి వచ్చేసరికి కూడా మాటలు సాగుతూనే ఉన్నాయి. ఫోను తనకివ్వమని చెయ్యి చాపింది. రాజ్‌కుమార్ ఆగమన్నట్టు సైగ చేసి, చైను మధ్యలో వేలితో పైకి నొక్కితే ఎంత లేవాలో మామగారికి చెబుతూ బాల్కనీలోకి నడిచాడు.